ప్రొఫెసరు విలియం జేమ్సు

ఉన్నత పాఠశాల విడిచి కళాశాలలో చేరు విద్యార్థులు కొందరు బి.ఏ. పట్టమునకై మనస్తత్వశాస్త్రమును కోరుకొందురు. స్వప్నములు, జ్ఞాపకశక్తి, కోపతాపములు, స్నేహద్వేషములు మున్నగువాని మర్మము లచట తెలియవచ్చునని వారి యాశ. తీరా చేరిన పిదప వారి చేతికి మొదటనే వచ్చునది మెదడు పటము. పెద్దమెదడు, చిన్నమెదడు, వెన్నుపాము, నాడీకణముల యాకారము, ఒక కణమునుండి మరియొక కణమునకు వార్త చేరు విధము, ఇవి యన్నియు వారు వల్లింపవలసియుండును. ఇది వైద్యవిద్యార్థుల పాఠము గదా, మాకేల యని వారు విసుగుకొనుట వింత గాదు. తలిదండ్రులకు మరియొక శంక పుట్టుచుండును. మనస్సనగా నాడుల కదలికయే యని మా బిడ్డలు నేర్చుకొని వచ్చినచో, మంచిచెడ్డల కెవరు బాధ్యులనవలయును అని.

ఈ రెండు ప్రశ్నలును నూటయేబది సంవత్సరములకు పూర్వమే యొక యువకుని పట్టి పీడించెను. రెండవ ప్రశ్న యతనిని చావునకు సమీపమునకు గొనిపోయెనన్నను అతిశయోక్తి కాదు. అతడు దానినుండి తేరుకొని, తనను భయపెట్టిన యా మెదడు పాఠమునే మనస్తత్వశాస్త్రమునకు తొలిమెట్టుగా నమర్చెను. అతడే అమెరికా దేశస్థుడగు విలియం జేమ్సు. ఆయన చరిత్రమును మాకు తెలిసినంతవరకు ఇచట వ్రాయుచున్నాము.

విలియం జేమ్సు 1842వ సంవత్సరము జనవరి 11వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించెను. తాత ఐర్లండునుండి వలస వచ్చి వర్తకమున విశేషధనము నార్జించినవాడు. తండ్రి హెన్రీ జేమ్సు బాల్యమున నొక యగ్నిప్రమాదమున కాలు పోగొట్టుకొని, జీవనోపాధికై పాటుపడవలసిన యక్కర లేక, దైవచింతనలోను గ్రంథరచనలోను కాలము గడపెను. ఆయనకు నలుగురు కుమారులు, ఒక కుమార్తె. విలియం జ్యేష్ఠుడు. రెండవవాడగు హెన్రీ పిమ్మట నాంగ్లభాషలో గొప్ప నవలాకారుడై కీర్తి గాంచెను. తండ్రి కే పాఠశాలయు నచ్చెడిది కాదు. న్యూయార్కు, లండను, పారిసు, జెనీవా, బాను అని బిడ్డలను ఊరూర త్రిప్పుచు, ఒకచోట కుదురుకొనక మునుపే మరియొకచోటికి గొనిపోవుచుండెను. ఇట్టి చదువు మన పిల్లలకు మేము కోరము. అయినను దానివలన విలియమునకు ఫ్రెంచి, జర్మను భాషలు చిన్ననాడే పట్టువడెను. ఆ భాషలే తరువాత నతనికి నూతనశాస్త్రద్వారములు తెరచినవి.

మొదట నతడు చిత్రకారుడు కాగోరెను. 1860లో న్యూపోర్టు పట్టణమున విలియం మారిసు హంటు అను చిత్రకారుని యొద్ద శిష్యుడై చేరి, ఒక సంవత్సరము తిరుగకమునుపే యా విద్య తనకు తగదని తానే మానుకొనెను. 1861లో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన లారెన్సు శాస్త్రకళాశాలలో ప్రవేశించెను. అమెరికాలో అంతర్యుద్ధ మారంభమయినది ఆ యేడే. తమ్ము లిద్దరు సైన్యమున చేరిరి. విలియము దేహబలము చాలక చదువుననే నిలిచెను. రసాయనశాస్త్రము నారంభించి, దానిని విడిచి, శరీరనిర్మాణశాస్త్రమునకు మరలి, 1864లో వైద్యకళాశాలలో చేరెను. నడుమ 1865లో లూయీ అగాసీ పండితునితో గూడ జంతుజాతుల సేకరణకై బ్రెజిలు దేశమునకు పోయి, అచట మశూచికముచే బాధపడి, మత్స్యములను సీసాలలో నింపుట తన కొరకైన పని కాదని నిశ్చయించుకొని మరలివచ్చెను. ఇరువదినాలుగేండ్ల ప్రాయమున నింకను స్థిరమైన మార్గము లేని యీ యువకుని జూచి తలిదండ్రు లెంత తల్లడిల్లిరో చదువరులే యూహింపగలరు.

1867లో నడుమునొప్పి, కంటిజబ్బు, నిద్రలేమి యతనిని చుట్టుముట్టెను. వేడినీటి స్నానములకును చదువునకును జర్మనీకి పోయెను. అచటనే యతని భావిజీవితమునకు బీజము పడినది. ఆ దేశపు పండితులు నాడులను గూర్చి యాశ్చర్యకరమైన విషయములు కనుగొనుచున్న కాలమది. నాడిలో పరుగెత్తు వార్త మెఱుపువేగమున బోవునని పూర్వు లనుకొనుచుండగా, హెల్ము హోల్ట్సు పండితుడు 1850లో కప్పకాలి నాడిని పరీక్షించి, ఆ వేగము సెకనుకు సుమారు 25 మొదలు 40 మీటర్లు మాత్రమేయని లెక్కగట్టి చూపెను. గుఱ్ఱపు పరుగుకంటె కొంచె మెక్కువ, అంతియే. బెర్లినులో ద్యుబ్వా రేమాను పండితుడు నాడులలోని విద్యుత్తును గూర్చి యుపన్యసించుచుండగా జేమ్సు పోయి వినుచుండెను. మనస్సు చేయు పనిని గడియారముతో కొలువవచ్చుననియు, మనస్తత్వశాస్త్రము నిజమైన శాస్త్రము కాదగిన కాలము వచ్చినదనియు అతనికి తోచెను.

కాని యీ విద్యయే యతనికి విషమై పరిణమించెను. 1869లో వైద్యపట్టము పొందెను గాని వైద్యవృత్తి నెన్నడును చేయలేదు. ఇల్లు కదలక తీవ్రమైన నిరాశలో మునిగిపోయెను. అతని బాధకు మూలమిది. కప్పకాలు విద్యుత్తు సోకగానే ఎట్లు తప్పక ముడుచుకొనునో, అట్లే మన తలపులన్నియు నాడీచలనముల ఫలములే యైనచో, నేను మంచిని కోరితి ననుటకు అర్థమేమి? నేను ప్రయత్నించితి ననునది భ్రమ మాత్రమే గదా. నేడు కళాశాలావిద్యార్థి పరీక్షకొరకు చదివి మరచిపోవు ప్రశ్న యతనికి ప్రాణసంకటమైనది. ఒకనాటి సంజవేళ చీకటిగదిలోనికి పోవుచుండగా, తానొకప్పుడు పిచ్చియాసుపత్రిలో చూచిన యొక మూర్ఛరోగి రూపము, కదలక మెదలక కూర్చున్న యా యువకుని రూపము, హఠాత్తుగా మనస్సున మెదలెను. నేనును అట్టివాడనే, ఏ క్షణముననైన నాకును అదే గతి పట్టవచ్చునను భయ మతని ఎముకలలోనికి ప్రాకెను. మాసములకొలది ఒంటరిగా చీకటిలోనికి పోవ వెఱచుచుండెను. పవిత్రగ్రంథములోని యభయవాక్యములను పట్టుకొని వ్రేలాడకుండినచో నిజముగా మతి చెడియుండు నని పిమ్మట నాయనయే చెప్పుకొనెను. ఈ వృత్తాంతమును ముప్పది సంవత్సరముల తరువాత నొక గ్రంథమున, ఎవరో ఫ్రెంచివాని యనుభవమని పేరు మార్చి ప్రకటించెను. అది తనదేయని తన వారితో నొప్పుకొనెను.

1870 ఏప్రిలు మాసాంతమున నతడు రెనూవియే అను ఫ్రెంచి తత్త్వవేత్త వ్యాసమును చదువుచుండెను. మనస్సున పలు తలపులు పొంగుచుండగా వానిలో నొకదానిని నేనే యెన్నుకొని నిలుపుకొనుటయే స్వేచ్ఛ యని యందుండెను. జేమ్సు తన దినచర్యపుస్తకమున నొక నిర్ణయము వ్రాసికొనెను. సంకల్పస్వాతంత్ర్యము కలదని నమ్మెదను, ఆ నమ్మకమే నా స్వేచ్ఛకు మొదటి కార్యము కాగలదు అని దాని సారము. దీనితో రోగ మొక్కనాట నయమైన దనుకొనరాదు. అతడు తేరుకొనుటకు సంవత్సరములు పట్టెను. పెద్ద ఆలోచనలను కట్టిపెట్టి, దినమున కొక చిన్నపనిని తప్పక చేసి, అభ్యాసముమీద నభ్యాసమును పేర్చుకొనుచు బయటపడెను. మొండిగా పట్టిన యీ చిన్నపనులే యతనిని నిలిపినవని మా తలంపు.

రసాయనశాస్త్రమున నతనికి గురువగు ఛార్లెసు ఎలియటు అప్పటికి హార్వర్డు విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడయ్యెను. ఆయన పిలుపున 1873 ఆరంభమున జేమ్సు శరీరనిర్మాణ, శరీరధర్మశాస్త్రములను బోధింప మొదలిడెను. పని దొరకుటయే యతనికి మందైనది. ఇక నాయన జీవితములోని ప్రధానఘట్టము. 1875లో శరీరధర్మశాస్త్రమునకును మనస్తత్వశాస్త్రమునకును గల సంబంధమును గూర్చి పెద్ద విద్యార్థుల కొక తరగతి యేర్పరచెను. మరుసటి యేడు బి.ఏ. చదువు విద్యార్థులకును మనస్తత్వశాస్త్రము బోధించెను. అమెరికాలో నిట్టి బోధన కిది నాంది. తాను మొదట విన్న మనస్తత్వశాస్త్రోపన్యాసము తానే యిచ్చినదని ఆయన నవ్వుచు చెప్పుచుండెడివాడు. ఏలయన, ఆయనకు నేర్పుట కా దేశమున గురువే లేకుండెను. ఒక చిన్నగదిలో కొన్ని యంత్రములనుంచి పిల్లలకు ప్రయోగములు చూపుచుండెను. లైప్జిగు నగరమున వుంటు పండితుడు తన ప్రసిద్ధ ప్రయోగశాలను స్థాపించినది 1879లో.

అంతవరకును మనస్సును గూర్చి బోధించువారు తత్త్వశాస్త్రపండితులు. వారికి మెదడుతో బనిలేదు. మెదడును కోసి చూచువారు వైద్యులు. వారికి మనస్సుతో బనిలేదు. జేమ్సు అధ్యక్షునికి వ్రాయుచు, ఈ విషయము నొక్క పక్షమువారి కప్పగించుట ప్రమాదమనియు, నాడులను చేతితో పరీక్షించినవాడును, తన లోపలికి తాను చూచుకొన నేర్చినవాడును ఒక్కడే కావలెననియు వాదించెను. నేటి విద్యార్థి విసుగుకొను పాఠ్యక్రమమునకు పునాది ఈ వాదమే.

1878లో ఆలిసు గిబ్బెన్సు అను ఉపాధ్యాయినిని వివాహమాడెను. ఆమె యోర్పు, చల్లనితన మాయనకు జీవితాంత మండగా నుండెను. ఆ సంవత్సరమే హెన్రీ హోల్టు అను ప్రకాశకునితో మనస్తత్వశాస్త్రగ్రంథ మొకటి వ్రాయుదునని యొడంబడెను. రెండేండ్ల గడువు. పండ్రెండేండ్లు పట్టెను. 1890లో రెండు సంపుటములుగా, ఇరువదియెనిమిది ప్రకరణములతో, పదునాలుగువందల పుటలకు సమీపముగా అది వెలువడెను. వ్రాతప్రతిని పంపుచు, మనస్తత్వశాస్త్రమను శాస్త్రమే లేదనియు, తాను పనికిమాలినవాడ ననియు, ఈ గ్రంథమే యందులకు సాక్ష్యమనియు ఆయన ప్రకాశకునికి వ్రాసెను. అట్టి గ్రంథమునే లోకము నేటికిని కొనియాడుచున్నది. విద్యార్థులకై 1892లో దానిని కుదించి ప్రకటింపగా, పెద్దదానికి జేమ్సనియు చిన్నదానికి జిమ్మీ యనియు పిల్లలు ముద్దుపేర్లు పెట్టిరి.

ఆ గ్రంథము ఆత్మవిచారముతో గాక మెదడుతో మొదలగుట గమనింపదగినది. రెండవ ప్రకరణమున కప్ప మరల కనుపించును. పెద్దమెదడు తీసివేయబడిన కప్ప చావదు. నీట వేసిన ఈదును. గిచ్చిన దుముకును. దారిలో నడ్డు పెట్టిన తప్పుకొని పోవును. చూచువానికి మామూలు కప్పయే యనిపించును. కాని ముట్టకుండ వదలినచో నది కూర్చున్నచోటనే కూర్చుండును. ఆకలిగొని వెదకదు, ఎదుటి యీగను పట్టదు, వెఱచి పారదు. ఎదుట లేని దానిని తలంచుకొని మెలగుటకు పెద్దమెదడు కావలెనని జేమ్సు దీనివలన బోధించెను. తరువాత నొక శిశువును, దీపమును చూపెను. శిశువు మంటను చూచి చేయి చాచును, కాలగానే వెనుకకు తీయును. చూపుదారి, బాధదారి యొక్కసారి కలిసి మేల్కొనుటచే వానినడుమ మెదడులో నొక క్రొత్తదారి పడును. మరునాడు మంటను చూచినంతనే చేయి దానంతటదియే వెనుకకు వచ్చును. విద్య యనునది మెదడులో దారులు పడుటయే యని యిట్లు పిల్లలకు పటము గీచి చెప్పెను. చిత్రలేఖనము మానినను చిత్రకారుని చూపు పోలేదు.

ఆ దారులను గూర్చి వ్రాసిన అభ్యాసప్రకరణమే మాకు ఆ గ్రంథమున మిక్కిలి ప్రియమైనది. మెదడు మైనమువలె మెత్తనిది, ఒకసారి పడిన గుర్తు పూర్తిగ చెరగదు. వాననీరు పల్లమును వెదకి పాఱి, ఆ పాఱుటచేతనే కాలువను లోతుచేసికొని, మరుసటి వానకు అదే కాలువన పాఱునట్లు, నాడీప్రవాహములును నడచిన దారినే నడచును. ఇది కేవల ముపమానముగ వదలక, రెండు మెదడువ్యాపారము లొక్కమా రొకదానితో నొకటి మేల్కొన్నచో, తరువాత నొకటి లేచినపుడు రెండవదానిని లేపజూచునని సూత్రము కట్టెను. అప్పటికి న్యూరాను అను పేరైన పుట్టలేదు. నాడులు విడివిడి కణములని స్పెయిను దేశపు కహాలు పండితుడు సూక్ష్మదర్శినితో చూపుచున్న కాల మదియే. ఆ పేరు 1891లో వచ్చెను. కణమునకును కణమునకును నడుమగల సంధికి షెరింగ్టను పండితుడు సినాప్సని పేరు పెట్టినది 1897లో. 1949లో కెనడా దేశస్థుడగు డోనాల్డు హెబ్బు, కలిసి పనిచేసిన కణముల సంధి బలపడునని ఇట్టి సూత్రమునే కణముల భాషలో చెప్పెను. 1973లో బ్లిస్సు, లోమో అను నిద్దరు కుందేటి మెదడులో నట్టి బలము గంటలతరబడి నిలుచుట ప్రయోగమున చూపిరి. జేమ్సు చెప్పిన కాలువ నిజముగనే త్రవ్వబడుచున్నదని ఎనుబదిమూడేండ్లకు కంట బడినది.

మరియొక వింత. ఇటలీలో మోసో యను వైద్యుడు త్రాసువంటి బల్లను నిర్మించి, మనుష్యుని దానిపై పరుండబెట్టి, అతడు గాఢముగ నాలోచింప మొదలిడగానే తలవైపు బరువై మొగ్గునని చూపెనట. జేమ్సు దీనిని తన గ్రంథమున ముచ్చటించి, పనిచేయు మెదడునకు రక్త మెక్కువగా పాఱునని వ్రాసెను. 1990 ప్రాంతములనుండి పెద్ద ఆసుపత్రులలోని అయస్కాంతయంత్రములతో మెదడు పటములు తీయువారు కనిపెట్టునదియు ప్రధానముగా నీ రక్తప్రవాహపు మార్పునే.

ఇంత చెప్పినవాడు మనుష్యుని యంత్రమని తీర్పు చెప్పెనా? లేదు. అదే గ్రంథమున, మనస్సు ఇంజనుపై పొగవలె వ్యర్థముగ తేలునదే గాని దేనిని నడుపజాలదను వాదమునకు ఒక ప్రకరణ మంతయు వెచ్చించి ఎదురుచెప్పెను. మనస్సు పనికిమాలినదైనచో, అది యింత పెరిగి యింత నిశితమగుటకు కారణమే యుండదనెను. తలంపులు పూసలదండవలె విడివిడిగా నుండక యేటివలె పాఱుననియు, ఆ యేటిలో దేనిమీద మన దృష్టిని నిలుపుదుమో అదియే మన జీవితమగుననియు బోధించెను. దృష్టిని నిలుపు నా చిన్న ప్రయత్నము నిజముగా మనదా, నాడులదా యను ప్రశ్నను శాస్త్రము తీర్పజాలదని స్పష్టముగా నొప్పుకొని, తాను మాత్రము మనదేయని నమ్మెను. కప్పను కోసిన చేతితోనే యీ మాట వ్రాసెను. మా కాయనయందు గౌరవము కలుగుట కిదియే ముఖ్యకారణము.

ఆయన చెప్పినవన్నియు నిలిచినవని చెప్పము. 1884లో నొక వ్యాసమున, మనము భయపడుటచే పరుగెత్తుటలేదు, దేహము చలించుటచే, గుండె కొట్టుకొనుటచే, ఆ మార్పులను తెలిసికొనుటయే భయమని వ్రాసెను. మరుసటి యేడు డెన్మార్కులో లాంగె యను వైద్యు డట్టి మతమునే ప్రకటించెను. ఈ మతమును 1927లో ఖండించిన వాల్టరు కాననుగారు జేమ్సు తరగతిలో కూర్చున్నవాడే. చిన్నతనమున నతడు తత్త్వశాస్త్రము చదువగోరగా, అది కడుపు నింపదని జేమ్సే మాన్పించెనట. శిష్యుడు శరీరధర్మశాస్త్రమున దిట్టయై, అంతరవయవముల నాడులు తెగిన పిల్లియు కోపము చూపుచున్నదని గురువుగారి మతమునకే గండి కొట్టెను. అయినను గుండె, ఊపిరి, కడుపు మెదడునకు పంపు వార్తలకును మన భావములకును గల సంబంధమును నేటి పండితులు మరల శ్రద్ధతో పరీక్షించుచున్నారు. మరియు, మృతులతో మాటాడుదు మనువారిని పరీక్షించుటకై జేమ్సు చాలకాలము వెచ్చించుట తోటి శాస్త్రజ్ఞులకు రుచింపలేదు. ప్రయోగశాలలో ఓపికగా లెక్కలు వేయుటయు నాయన కిష్టము గాదు. 1892లో జర్మనీనుండి మ్యూన్స్టరుబర్గును రప్పించి ప్రయోగశాల నాతని కప్పగించెను.

మెదడులో పదవవంతునే మనుష్యుడు వాడుకొనునను మాట నేటికిని గోడలమీద, ప్రకటనలలో కనబడుచు, జేమ్సు పేర చెలామణి యగుచున్నది. ఆయన అట్లు వ్రాయలేదు. మనుష్యుడు తన శక్తులను పూర్తిగ వినియోగించుట లేదని మాత్రమే చెప్పెను. మెదడులో పనిలేక పడియున్న తొమ్మిది పాళ్లు ఎక్కడను లేవు. బాలు రీ మాట వినినప్పుడు నమ్మకుందురుగాక.

గురువుగా నాయన యెట్టివాడో తెలియుటకు మేరీ కాల్కిన్సు వృత్తాంతము చాలును. ఆమె వెల్లెస్లీ స్త్రీల కళాశాలలో ఉపాధ్యాయిని. మనస్తత్వశాస్త్రము నేర్వగోరి 1890లో హార్వర్డు వాకిట నిలువగా, స్త్రీలకు ప్రవేశము లేదనిరి. తండ్రియు, ఆమె కళాశాలవారును విన్నవింపగా, పేరు నమోదు చేయక వినుటకు మాత్ర మనుమతించిరి. ఆమె తరగతిలో కాలిడగా, తక్కిన విద్యార్థు లొకరొకరే తప్పుకొనిరి. జేమ్సు తరగతిని మూయలేదు. గ్రంథాలయమున చలిమంట కిరువైపుల గురువును శిష్యురాలును కూర్చుండి, అచ్చుతడి యారని ఆ రెండు సంపుటములను సంవత్సరమంతయు చదివిరి. 1895లో ఆమెను పరీక్షించిన పండితు లందరును ఆమె డాక్టరు పట్టమునకు అర్హురాలని యేకగ్రీవముగా తీర్పుచెప్పిరి. విశ్వవిద్యాలయ మీయలేదు. 1905లో ఆమె అమెరికా మనస్తత్వశాస్త్రసంఘమునకు ప్రథమస్త్రీ అధ్యక్షురాలయ్యెను. 1930లో మరణించువరకును, పిమ్మటను హార్వర్డు పట్టము రానేలేదు. మన బాలికలలో శాస్త్రవిద్య కోరువా రీమె పేరు గుర్తుంచుకొందురుగాక.

థారండైకు అను విద్యార్థి కోడిపిల్లలకు తెలివి యెట్లు వచ్చునో పరీక్షింపబూనగా, అతడున్న యింటి యజమానురాలు పిల్లలను గదిలో నుంచనీయలేదు. విశ్వవిద్యాలయమునను చోటు దొరకలేదు. జేమ్సు తన యింటి నేలమాళిగలో చోటిచ్చెను. ఆయన బిడ్డలకు పండుగయైనది, ఇల్లాలి సంగతి మాత్రము చరిత్రకారులు వ్రాయలేదు. నల్లజాతి వారి హక్కులకై జీవితమంతయు పోరాడిన దుబాయిసు పండితుడును ఆయన శిష్యుడే.

పాఠశాలోపాధ్యాయుల కాయన చేసిన యుపన్యాసములు 1899లో పుస్తకరూపమున వచ్చినవి. అభ్యాసమును గూర్చి యందు చెప్పినది ఇంటింట నుపయోగించును. క్రొత్త యలవాటును బలముగా నారంభింపుము. అది వేరూనువరకు ఒక్కనాడును తప్పనీయకుము. తోచిన మంచిపనిని తోచినపుడే చేయుము. దినమున కొక చిన్న కష్టమును, అవసరము లేకున్నను, మనస్సును సాదుకొనుటకై చేయుచుండుము. 1870 నాటి చీకటినుండి తాను నడచివచ్చిన దారిని చెప్పుచున్నానని మాత్ర మాయన శ్రోతలతో చెప్పలేదు.

1898లో నొక పర్వతమెక్కుటలో గుండెకు దెబ్బ తగిలి, మరుసటియేడు కొండలలో దారితప్పి తిరుగుటచే నది ముదిరెను. మంచముననుండియే ఎడింబరో విశ్వవిద్యాలయ ముపన్యాసములను సిద్ధపరచి, 1901, 1902 సంవత్సరములలో నిచ్చెను. అవియే మతానుభవములను గూర్చిన ప్రసిద్ధగ్రంథమైనవి. అందు మొదటనే తలిదండ్రుల శంకకు సమాధానము కలదు. అపొస్తలుడగు పౌలు దమస్కుమార్గమున చూచిన వెలుగు మూర్ఛరోగపు లక్షణమే యని కొట్టివేయు వైద్యులను జేమ్సు పరిహసించెను. భక్తుని తలపునకు నాడీచలన మెంత యాధారమో, నాస్తికుని తలపునకును అంతియే యాధారము. ఒక తలపు నాడులలో పుట్టినదని చూపినంతమాత్రమున నది నిజమో కాదో తేలదు. దాని ఫలమును బట్టియే దాని విలువ కట్టవలయును. వైద్యపట్టము పొందినవాడే యిట్లు చెప్పుటచే మాటకు బరువు హెచ్చినది. ఆయన మన దేశపు తలపునుగూడ నాలకింపకపోలేదు. 1907లో ప్రకటించిన గ్రంథమున స్వామి వివేకానందుని యద్వైతమును ముచ్చటించి, అది యిచ్చు శాంతిని మెచ్చుచునే దానితో నేకీభవింపలేదు.

1906 ఏప్రిలులో కాలిఫోర్నియాలో నుండగా గొప్ప భూకంపము వచ్చెను. మంచము కుక్క నోట చిక్కిన యెలుకవలె నూగుచుండ, ఆయనకు భయముకంటె సంతోషమే ముందు కలిగినదట. వెంటనే తన మనస్సును తాను గమనించుకొని, ఊరివారి మనస్సులను విచారించి, వ్యాసము వ్రాసెను. 1907లో ఉద్యోగము విరమించెను. 1910లో చికిత్సకై యూరపునకు పోయి, గుణము కానరాక, భార్యయు తమ్ముడు హెన్రీయు తోడురాగా న్యూహాంప్షైరులోని చోకోరువాయను పల్లెలో తన యింటికి మరలివచ్చెను. వచ్చిన వారము దినములకే, ఆగస్టు 26వ తేదీన, భార్య చేతులలో ప్రాణము విడిచెను. వయస్సు అరువదియెనిమిది. కేంబ్రిడ్జి శ్మశానవాటికలో తలిదండ్రుల సమాధుల చెంత నాయన సమాధి యున్నది.